గిండీ పట్టా మీద ఒక కొట్టివేత

కిందటిసారి మద్రాసు ట్రాముల గురించి రాసినప్పుడు, కరెంటు సంగతి ఎత్తుకున్నారు కదా, ఇంకొంచెం రాయండి అని కొందరు అడిగారు. ఈసారీ కరెంటు గురించే. కానీ బండి గురించి కాదు, మనిషి గురించి. కొంచెం పొడుగ్గానే ఉంటుంది, తీరికగా చదవండి.

ఏటా ఆగస్టు 29న మనం తెలుగు భాషా దినోత్సవం చేసుకుంటాం. గిడుగు రామమూర్తి పంతులుగారి పటానికి దండ వేస్తాం, పిల్లలచేత పద్యాలు చెప్పిస్తాం, పులిహోర తిని ఇంటికి వెళతాం. దానికి సరిగ్గా రెండు రోజుల ముందు, ఆగస్టు 27న, మన మద్రాసులోనే పుట్టిన ఒక తెలుగు ఆడపడుచు పుట్టినరోజు వస్తుంది. పేరు అయ్యలసోమయాజుల లలిత. పుట్టింది 1919లో. మన దేశంలో ఇంజనీరింగ్ పట్టా పుచ్చుకున్న మొదటి ఆడవాళ్లలో ఒకరు. ఎలక్ట్రికల్ శాఖలో అయితే మొట్టమొదటి ఆవిడే. చదివింది గిండీ ఇంజనీరింగ్ కాలేజీలో. ఆ కాలేజీ గేటు ముందునుంచి మనలో ఎంతమందిమి ఏళ్ల తరబడి బస్సుల్లో వెళ్లి వచ్చామో లెక్కలేదు.

ఆవిడ గురించి వాట్సాప్‌లో ఒక సందేశం తిరుగుతూ ఉంటుంది. మీ అందరికీ వచ్చే ఉంటుంది. తొలి మహిళా ఇంజనీరు, తండ్రి ప్రోత్సాహం, సమాజాన్ని ఎదిరించిన ధీర అని. చదివి, దండం బొమ్మ పెట్టి, ఇంకొకరికి పంపించేస్తాం. అందులో అబద్ధమేమీ లేదు. కానీ ఆవిడ ఇంజనీరుగా ఏం పని చేసిందన్నది అందులో ఉండదు. ఒక డాక్టరు గురించి రాస్తే ఏ జబ్బుకి వైద్యం చేశారో రాస్తాం. ఒక గాయని గురించి రాస్తే ఏం పాడారో రాస్తాం. లలితగారి గురించి మాత్రం కాలేజీ మెట్టు ఎక్కేదాకా రాసి అక్కడ ఆపేస్తాం. ఆవిడ ఆ తరవాత ముప్పై ఏళ్లకు పైగా ఉద్యోగం చేశారు. ఆ ముప్పై ఏళ్ల కోసమే ఈ వ్యాసం.

ముందు ఇంటి సంగతి. తండ్రి పప్పు సుబ్బారావుగారు గిండీ కాలేజీలోనే ఎలక్ట్రికల్ ఇంజనీరింగ్ ప్రొఫెసరు. ఏడుగురు పిల్లలు, లలిత అయిదో సంతానం. మగపిల్లలు ఇంజనీరింగ్ వైపు వెళ్లారు, ఆడపిల్లలకి కాస్త చదువు చెప్పించి పెళ్లి చేశారు. ఆ రోజుల్లో ఏ ఇంట్లో అయినా అంతే. లలితకి 15వ ఏట పెళ్లయింది. 1937లో భర్త పోయారు. అప్పటికి ఆవిడకి 18 ఏళ్లు, చంకలో నాలుగు నెలల ఆడపిల్ల.

1937లో 18 ఏళ్లకి భర్త పోవడమంటే ఏమిటో మన ఇళ్లల్లో పెద్దవాళ్లకి చెప్పక్కర్లేదు. ప్రతి కుటుంబంలోనూ అలాంటి ఒక అత్తయ్యో, ఒక పెద్దమ్మో ఉండేది. వంటింట్లో అందరికన్నా ముందు లేచేది, పెళ్లి పందిట్లో అందరికన్నా వెనక నిలబడేది. ఆవిడ పేరు అడిగితే పిల్లలకి తెలిసేది కాదు, వరసే పేరు. ఆ పాట్లు పోయాయని అనుకుంటాం. మన సంఘం సంక్రాంతి పేరంటంలోనే, పసుపు కుంకుమలు పంచే వేళకి మెల్లగా లేచి వెనక కుర్చీల్లోకి వెళ్లిపోయే వాళ్లని మేము చూస్తూనే ఉన్నాం. ఎవరూ వెళ్లమనరు. ఉండమనీ అనరు.

సుబ్బారావుగారు కూతుర్ని మళ్లీ చదువులో పెట్టారు. క్వీన్ మేరీస్ కాలేజీలో ఇంటర్మీడియట్ ప్రథమ శ్రేణిలో ప్యాసయ్యారు. ఆ తరవాత ఏం చదవాలన్నది ప్రశ్న. ఆడపిల్లలు మద్రాసులో వైద్యం చదవడం అప్పటికి కొత్త కాదు, ముత్తులక్ష్మి రెడ్డిగారు 1912లోనే ప్యాసయ్యారు. లలితగారు డాక్టరు చదువు వద్దనుకోవడానికి చెప్పిన కారణం వింటే ఎంత ఆలోచించారో తెలుస్తుంది. డాక్టరుకి అర్ధరాత్రి పిలుపు వస్తుంది, చంటిపిల్లని వదిలి పరిగెత్తాలి. ఇంజనీరుకి అయితే పొద్దున వెళ్లి సాయంత్రం వచ్చే ఉద్యోగం దొరుకుతుంది. చూశారా, సమాజాన్ని ఎదిరించడం అనే పెద్ద మాట ఇక్కడ లేదు. పిల్లని ఎవరు చూసుకుంటారు, డ్యూటీ ఎన్ని గంటలకి అయిపోతుంది, ఈ లెక్కే. ఉద్యోగం చేసిన ప్రతి ఆడమనిషీ వేసుకునే లెక్క.

ఇక్కడ గిండీ కాలేజీ గురించి నాలుగు మాటలు చెప్పాలి. మూలం 1794. కుంపిణీ భూములు కొలిచేవాళ్ల కోసం మైకేల్ టాపింగ్ అనే ఆయన చొరవతో ఫోర్ట్ సెయింట్ జార్జి దగ్గర ఎనిమిది మంది పిల్లలతో మొదలైన సర్వే బడి అది. 1859లో సివిల్ ఇంజనీరింగ్ కాలేజీ అయింది. 1894లో మెకానికల్ వచ్చింది. 1920లో గిండీకి మారింది. ఎలక్ట్రికల్ శాఖ వచ్చింది 1930లో. అంటే సివిల్ పట్టాలకి అప్పటికే డెబ్బై ఏళ్ల సంప్రదాయం ఉంది, ఎలక్ట్రికల్ మాత్రం లలితగారు చేరేనాటికి పదేళ్లయినా నిండని శాఖ.

ఆ పదేళ్లలోనే రాజధాని మొత్తం కరెంటు మయం అవుతోంది. మద్రాసు ప్రభుత్వం ఎలక్ట్రిసిటీ డిపార్టుమెంటు పెట్టింది 1927లో. 1931లో ఎగ్మూరు మీదుగా బీచి నుంచి తాంబరానికి కరెంటు రైలు. 1932లో నీలగిరుల్లో పైకారా జలవిద్యుత్తు. 1934లో మేట్టూరు ఆనకట్ట పూర్తి, కొన్నేళ్లకి అక్కడా పవర్ హౌస్. ఇన్ని పనులకి మనుషులు కావాలి, నేర్పే పంతుళ్లు కావాలి. పాత శాఖల్లో ‘ఇది మగవాళ్ల పని’ అని గట్టిపడిపోయిన నమ్మకం కొత్త శాఖలో ఇంకా అంత గట్టిపడలేదు. మంచం మీద తలుపు తెరిచి ఉంచినట్టు ఎవరూ పిలవలేదు గానీ, తలుపుకి గొళ్లెం బిగించడం కూడా ఇంకా పూర్తి కాలేదు. లలితగారి కథలో ఈ ముక్క ఎవరూ చెప్పరు. మా దృష్టిలో ఇది తండ్రి ప్రోత్సాహం అంత ముఖ్యమైన ముక్క.

అయినా సీటు దానంతట అది రాలేదు. ప్రిన్సిపాల్ కె.సి. చాకో గారితో సుబ్బారావుగారు మాట్లాడారు, విద్యాశాఖ డైరెక్టరు ఆర్.ఎం. స్టాతమ్ గారి అనుమతి కావలసివచ్చింది. ఇద్దరూ ఒప్పుకున్నారు. వందలమంది మగపిల్లల మధ్య ఒక్క ఆడపిల్ల. హాస్టల్లో ఉండడానికి విడిగా చోటిచ్చారు. బిడ్డని ఇంటివాళ్లు చూసుకున్నారు, సెలవులకి వచ్చి చూసేది. తోటి విద్యార్థులు బాగానే చూశారట. కష్టమల్లా సాయంత్రాలు మాట్లాడడానికి తోడు లేకపోవడమే. దానికీ తండ్రే దారి చూశారు. ఆడపిల్లలు కూడా చేరవచ్చని కాలేజీ చేత ప్రకటన ఇప్పించారు. మరుసటి ఏడు కేరళ నుంచి ఇద్దరు వచ్చి సివిల్‌లో చేరారు, లీలమ్మ జార్జి, పి.కె. త్రేసియా. ఈ త్రేసియాగారే 1971లో కేరళ ప్రజాపనుల శాఖకి చీఫ్ ఇంజనీరు అయ్యారు, దేశంలో ఆ పదవికి వచ్చిన మొదటి మహిళ.

యుద్ధకాలం కాబట్టి కోర్సులు కుదించారు. ఒక ఏడు తేడాతో చేరిన ముగ్గురూ దాదాపు ఒకేసారి బయటపడ్డారు. లలితగారి చదువు 1943లో పూర్తయింది, పట్టా 1944 ఫిబ్రవరిలో చేతికి వచ్చింది. అచ్చు కాగితంలో ‘అతడు’ అనే అర్థం వచ్చే ఇంగ్లీషు మాట ముందే ముద్రించి ఉంది. దాన్ని కొట్టివేసి ‘ఆమె’ అని మార్చి ఇచ్చారు.

ఈ కొట్టివేతని చూసి అందరూ నవ్వుకుంటారు, లేదా కోప్పడతారు. ముప్పై ఏళ్లకి పైగా గుమాస్తా పని చేసిన మాకు వేరే సంగతి తోచింది. అచ్చు ఫారం అంటే ఆఫీసు మనసులో ఉన్న లోకం. ఎవరు వస్తారని అనుకున్నారో వాళ్లకోసమే గడులు గీస్తారు. అనుకోని మనిషి వస్తే గుమాస్తా ముందు రెండు దారులుంటాయి. ‘ఈ ఫారంలో మీకు చోటు లేదమ్మా’ అని తిప్పి పంపడం ఒకటి. ఒక్క గీతతో కొట్టి, పైన సరైన మాట రాసి, పక్కన అధికారి చేత పొడి సంతకం పెట్టించడం రెండోది. మొదటిది సులువు, ఎవరూ తప్పు పట్టరు. గిండీలో ఆ రోజు ఎవరో రెండోది చేశారు.

పట్టాకి ముందు ఏడాది పాటు ఆవిడ ప్రాక్టికల్ ట్రైనింగ్ చేసింది ఎక్కడో తెలుసా? బీహారులో జమాల్‌పూర్ రైల్వే వర్క్‌షాపులో. రైల్వేలో పనిచేసిన వాళ్లెవరికైనా ఆ పేరు వింటే వెన్ను నిటారుగా అవుతుంది. 1862లో ఈస్ట్ ఇండియన్ రైల్వే పెట్టిన కార్ఖానా, దేశంలో పెద్ద పెద్ద మెకానికల్ ఇంజనీర్లు తయారైన చోటు. మసి, ఆవిరి, సుత్తి చప్పుడు. మద్రాసులో పుట్టిన ఇరవై నాలుగేళ్ల అమ్మాయి, చీర కట్టుకుని, ఆ షాపుల్లో ఏడాది గడిపింది. ఈ ముక్క వాట్సాప్ సందేశంలో ఒక్క లైనులో పోతుంది. మాకు మాత్రం గిండీ సీటు కన్నా ఇదే పెద్దగా కనిపిస్తుంది.

1944లో సిమ్లాలోని సెంట్రల్ స్టాండర్డ్స్ ఆర్గనైజేషన్‌లో ఇంజనీరింగ్ అసిస్టెంటుగా చేరారు. అక్కడ అన్నగారి కుటుంబం ఉండేది, బిడ్డకి ఇబ్బంది లేదు. లండన్ స్ట్రక్చరల్ ఇంజనీర్ల సంస్థ పరీక్ష కూడా అప్పుడే రాశారు. తరవాత ఆ ఉద్యోగం మానేసి మద్రాసు వచ్చి కొన్ని నెలలు తండ్రి పరిశోధనలకి సాయం చేశారు. సుబ్బారావుగారు పాఠం చెప్పి ఇంటికి వెళ్లిపోయే రకం కాదు, ఏదో ఒకటి కనిపెడుతూ ఉండే మనిషి. జెలెక్ట్రోమోనియం అని కరెంటుతో పలికే సంగీత వాయిద్యం ఒకటి, పొగ రాని పొయ్యి ఒకటి, విద్యుత్తుతో మంట పుట్టించే యంత్రం ఒకటి. పాట, వంట, మంట. మూడూ ఇంట్లోవే.

మూడోదాని దగ్గర కొంచెం ఆగుదాం. కరెంటుతో మంట అంటే ఏమిటి? మామూలు గాలి కరెంటుని పోనివ్వదు. అందుకే తీగలు గాల్లో వేలాడుతున్నా మనం కింద నడవగలుగుతున్నాం. ఉజ్జాయింపుగా ఒక సెంటీమీటరు గాలి 30,000 వోల్టుల దాకా ఆపుతుంది. అది దాటితే గాలిలో ఎక్కడో తిరుగుతున్న ఒకటి రెండు ఎలక్ట్రాన్లు వేగం పుంజుకుని ఎదురొచ్చిన అణువుని గుద్దుతాయి. ఆ దెబ్బకి అణువులోంచి ఇంకో ఎలక్ట్రాను ఊడుతుంది. ఇప్పుడు రెండు. అవి ఇంకో రెండింటిని గుద్దితే నాలుగు. తిరణాల్లో తోపులాట మొదలైనట్టు. రెప్పపాటులో వెయ్యోవంతు కూడా పట్టదు, అడ్డుగోడగా నిలబడిన గాలే తీగగా మారిపోతుంది. వెలుగు, వేడి, చప్పుడు. ఆకాశంలో జరిగితే మెరుపు, స్విచ్చి దగ్గర జరిగితే స్పార్కు, ఆగకుండా నిలబడితే ఆర్క్. అలా విడిపోయి మండుతున్న వాయువుకి ప్లాస్మా అని 1928లో పేరు పెట్టింది అమెరికాలో ఇర్వింగ్ లాంగ్‌మ్యూర్. అంతకు ఎనిమిదేళ్ల ముందే, ఎంత వేడికి ఎన్ని అణువులు అలా విడిపోతాయో లెక్కకట్టే సూత్రం ఇచ్చింది మన మేఘనాద్ సాహా.

తమిళ మీడియంలో చదివిన మాకు స్కూల్లో ఈ పాఠం ‘మిన్నిరక్కం’ అనే పేరుతో వచ్చింది. మిన్ అంటే మెరుపు, కరెంటు. ఇరక్కం అంటే దించడం. గూడ్సు షెడ్డులో వ్యాగన్లోంచి మూటలు దించినా ఆ మాటే. తెలుగు పుస్తకాల్లో దీన్ని ‘ఉత్సర్గం’ అంటారని రిటైరయ్యాక తెలిసింది. పండిత మాట, గంభీరంగానే ఉంది. కానీ తమిళ మాట వింటే మేఘం తన బరువు దించుకుంటున్నట్టు కళ్లకి కడుతుంది. ఇది భాషల పోటీ కాదు లెండి, ఎవరూ నొచ్చుకోకండి.

ప్లాస్మా అంటే ఎక్కడో సూర్యుడిలో ఉండేదని అనుకోవద్దు. పాత ట్యూబులైటు గుర్తుందా? స్విచ్చి వేస్తే రెండుసార్లు మినుకు మినుకుమని, ఆలోచించి వెలిగేది. స్టార్టరులో ముందు ఒక చిన్న ఉత్సర్గం, అది తెగగానే చోక్ ఇచ్చే విసురుకి గొట్టంలోని పాదరసపు ఆవిరిలో పెద్ద ఉత్సర్గం. కంటికి కనపడని అతినీలలోహిత కిరణాలు పుట్టి లోపలి పొడికి తగిలితే తెల్లటి వెలుగు. మన వడపళని స్టూడియోల్లో కథానాయకుల ముఖాల మీద పడిన ఆర్క్ లైట్ల వెలుగూ ఇదే, రెండు కార్బన్ కడ్డీల మధ్య మండే ప్లాస్మా. వాహినీలో పనిచేసిన లైట్‌బాయ్‌లు కడ్డీ అరిగేకొద్దీ జరుపుతూ కూర్చునేవాళ్లు. తెలుగు సినిమా మద్రాసులో వెలిగినన్నాళ్లూ ఆ వెలుగులోనే వెలిగింది. ఆ హీరోల పేర్లు మన పిల్లలకి కూడా నోటికి వచ్చు.

లలితగారి అసలు ఉద్యోగం ఈ ఆర్క్‌కి రెండో వైపు. వెలిగించడం కాదు, ఆర్పడం.

1948లో కలకత్తాలో అసోసియేటెడ్ ఎలక్ట్రికల్ ఇండస్ట్రీస్ అనే బ్రిటిష్ కంపెనీలో చేరారు. అక్కడ రెండో అన్నగారు ఉన్నారు, ఆ ఇంటి అండ దొరికింది. ఆవిడ పని ట్రాన్స్‌మిషన్ లైన్ల డిజైను, సబ్‌స్టేషన్ల లేఔటు, రక్షణ పరికరాలు. రక్షణ పరికరాలంటే చాలామందికి గోడమీద ఫ్యూజు గుర్తుకొస్తుంది. పెద్ద లైన్ల మీద ఆ పని ఎంత భయంకరమో చెబుతాం. లైను మీద చెట్టు పడిందనుకోండి. మామూలుకన్నా ఎన్నో రెట్లు కరెంటు ఆ దారిన దూకుతుంది. దాన్ని రిలే పసిగట్టాలి, సర్క్యూట్ బ్రేకరు తెగాలి, అంతా సెకనులో చిన్న భాగంలో. కానీ బ్రేకరు లోపలి రెండు లోహపు ముక్కలు విడిపోయినంత మాత్రాన కరెంటు ఆగదు. ఆ సందులో ఆర్క్ పుడుతుంది, వేల డిగ్రీల వేడి, రాగి కూడా ఆవిరవుతుంది. దాన్ని ఆర్పితేనే లైను తెగినట్టు. అందుకోసం ఆ రోజుల్లో నూనె తొట్లు, గట్టిగా గాలి ఊదే బ్రేకర్లు.

ఇక్కడే మన లోకల్ రైలు సంగతి చెప్పుకోవచ్చు. ఏసీ కరెంటు సెకనుకి 100 సార్లు సున్నా దాటుతుంది. ఆ సున్నా దగ్గర ఆర్క్ ఒక్క క్షణం ఊపిరి ఆపుతుంది, అప్పుడు పట్టుకుని మళ్లీ లేవకుండా చెయ్యాలి. డీసీలో ఆ సున్నా లేదు, ఆర్క్ లాక్కున్నంత సాగుతుంది. తాంబరం లైను 1931 నుంచి 1967 దాకా నడిచింది 1,500 వోల్టుల డీసీ మీదే, ఆ తరవాతే 25,000 వోల్టుల ఏసీకి మారింది. వోల్టులు పెరిగాయి కాబట్టి కష్టం పెరిగిందని జనం అనుకుంటారు. ఆర్క్ ఆర్పే సంగతి వరకు లెక్క వేరు. ఇప్పటికీ వానాకాలం తెల్లవారుజామున సైదాపేట దగ్గర నిలబడితే, పాంటోగ్రాఫ్ తీగని వదిలి పట్టుకున్నప్పుడల్లా నీలంగా ఒక మెరుపు కనిపిస్తుంది. అదే.

ఆవిడ చూసిన పెద్ద పనుల్లో భాక్రా నంగల్ ప్రాజెక్టు జనరేటర్లు ఒకటి. స్వతంత్రం వచ్చిన కొత్తల్లో దేశం మొత్తం ఆ ఆనకట్ట వైపు చూసింది. అక్కడికి వెళ్లే యంత్రాల కాగితాలు కలకత్తాలో ఒక తెలుగావిడ బల్ల మీదుగా వెళ్లాయి. డ్రాయింగు మీద ఒక గీత తప్పితే సబ్‌స్టేషన్లో మనిషి కాలిపోయే పని అది. పుస్తకాలకి ఎక్కదు, ఫోటో రాదు. అన్నీ సరిగ్గా ఉంటే ఏమీ జరగదు, ఏమీ జరగకపోవడమే ఆ పనికి కొలమానం. రైల్వేలో సిగ్నల్ వాళ్లదీ ఇదే గతి. బండి సుఖంగా చేరితే డ్రైవరుని కూడా ఎవరూ తలచుకోరు, సిగ్నల్ మెయింటైనరు సంగతి ఎవరికి గుర్తు.

లండన్‌లోని ఎలక్ట్రికల్ ఇంజనీర్ల సంస్థ 1953లో ఆవిడని అసోసియేట్ సభ్యురాలిగా, 1966లో పూర్తి సభ్యురాలిగా తీసుకుంది. 1964 జూన్‌లో న్యూయార్కులో మహిళా ఇంజనీర్లు, శాస్త్రజ్ఞుల మొదటి అంతర్జాతీయ సభ జరిగితే, ఇక్కడ ఆ సంస్థకి శాఖ లేకపోయినా సొంత హోదాలో వెళ్లి వచ్చారు. అక్కడి పత్రికల వాళ్లతో, 150 ఏళ్ల కిందటైతే నన్ను మా ఆయన చితి మీదే కాల్చేసేవారు అన్న అర్థం వచ్చేలా చెప్పారట. ఇక్కడ పేరంటాల్లో ఎవరూ అడగని సంగతి అక్కడ అడిగారు, ఆవిడ దాచుకోకుండా చెప్పారు. 1967లో కేంబ్రిడ్జిలో జరిగిన రెండో సభకి భారతదేశం తరఫున పని చూశారు. 1977లో రిటైరయ్యారు. మళ్లీ పెళ్లి చేసుకోలేదు. 1979 అక్టోబరు 12న, 60 ఏళ్ల వయసులో పోయారు.

ఇంత చెప్పాక ఒక చేదు మాట కూడా చెప్పాలి. 1937లో మద్రాసులో 18 ఏళ్లకి భర్తని పోగొట్టుకున్న తెలుగు అమ్మాయి లలిత ఒక్కతే కాదు. ఆ మిగతావాళ్లలో లెక్కలు బాగా వచ్చినవాళ్లు లేరా? ఉండే ఉంటారు. వాళ్ల నాన్న ప్రొఫెసరు కాదు, అంతే తేడా. ప్రిన్సిపాల్ గదిలోకి తలుపు తట్టకుండా వెళ్లగలిగిన తండ్రి, సిమ్లాలో ఒక అన్న, కలకత్తాలో ఒక అన్న, బిడ్డని కన్నబిడ్డలా చూసుకున్న వదినలు. ఇవన్నీ కలిస్తే ఒక ఇంజనీరు. లలితగారి గొప్ప తగ్గించడానికి చెప్పడం లేదు. అన్నీ ఉండి కూడా జమాల్‌పూర్ వెళ్లని వాళ్లు బోలెడుమంది. కానీ ఆవిడని ఒంటరి వీరవనితగా చూపిస్తే ఆ వదినల పేరు ఎక్కడా రాదు.

గిండీకీ తెలుగువాళ్లకీ ఉన్న ముడి అంతటితో తెగలేదు. ఇప్పుడు అనంతపురంలో ఉన్న జేఎన్టీయూ ఇంజనీరింగ్ కాలేజీ పుట్టింది అనంతపురంలో కాదు. 1946లో గిండీ ఆవరణలోనే మొదలై, 1948లో రాయలసీమకి తరలివెళ్లింది. కాకినాడ కాలేజీ కూడా 1946దే, వైజాగులో మొదలై తరవాత కాకినాడ చేరింది. 1953లో ఆంధ్ర రాష్ట్రం విడిపోయినప్పుడు మద్రాసు ఎవరిదని అంత గొడవ పడ్డాం కదా, అప్పటికే చదువు తన సామాను సర్దుకుని వెళ్లి స్థిరపడింది. ఇంకోటి వినండి. ఇవాళ గిండీలో పిల్లలు హైవోల్టేజి పాఠం చదివేటప్పుడు చాలామంది బల్ల మీద ఉండే పుస్తకం ఎం.ఎస్. నాయుడు, వి. కామరాజు గార్లది. ఒకరు బెంగుళూరు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌లో, ఇంకొకరు కాకినాడలో పనిచేసినవారు. వాయువుల్లో ఉత్సర్గం ఎలా పుడుతుందన్నదే అందులో మొదటి పాఠాల్లో ఒకటి. గిండీ నుంచి వెళ్లింది కాకినాడ మీదుగా గిండీకే తిరిగొచ్చినట్టు.

ఏటా మే, జూన్ నెలల్లో సంఘం ఆఫీసుకి ప్లస్‌టూ మార్కుల కాగితంతో తల్లిదండ్రులు వస్తారు. ఏ కోర్సు, ఏ కాలేజీ అని అడుగుతారు. అమ్మాయి ఎలక్ట్రికల్ కావాలంటే, ‘వద్దండీ, సబ్‌స్టేషను ఉద్యోగాలు, నైట్ డ్యూటీ, ఆడపిల్ల, కంప్యూటరు చేయించండి’ అని సలహా చెప్పేవాళ్లు మన కార్యవర్గంలోనే ఉన్నారు. వాళ్ల పేర్లు రాయం, వాళ్లకి తెలుసు. ఈసారి అలా చెప్పేముందు, ఆ ఉద్యోగంలోని గంటల లెక్క 1930ల చివర్లోనే ఒక పసిబిడ్డ తల్లి వేసి చూసుకుని ఎలక్ట్రికలే ఎంచుకుందని గుర్తు చేసుకోండి.

ఇక సంఘం పని. వచ్చే ఆగస్టులో భాషా దినోత్సవాన్ని రెండు రోజులు ముందుకి జరపమని అడగడం లేదు. 29నాడే, గిడుగువారి పటం పక్కన లలితగారి పటం కూడా పెట్టాలని, ఆ రోజు జ్యోతి వెలిగించడానికి ముఖ్య అతిథికి బదులు సంక్రాంతినాడు వెనక కుర్చీల్లోకి వెళ్లిపోయే మన అక్కయ్యల్లో ఒకరిని పిలవాలని కార్యవర్గానికి కాగితం రాసి ఇచ్చాం. ఎనిమిదిమందిమి సంతకం పెట్టాం. వద్దనేవాళ్లు మీటింగులో లేచి నిలబడి చెప్పండి, ఫోన్లలో కాదు. ఇంకొక మాట, మీ ఇళ్లల్లో అటకల మీద పాత గిండీ కాలేజీ కాగితాలు, గ్రూపు ఫోటోలు, ఎలక్ట్రిసిటీ డిపార్టుమెంటులో పనిచేసిన తాతల సర్వీసు పుస్తకాలు ఉంటే పాత పేపర్లవాడికి వెయ్యకండి. ఆదివారం పొద్దున పది నుంచి పన్నెండు దాకా సంఘం లైబ్రరీలో ఉంటాం, పట్టుకురండి, చూసి జాగ్రత్తగా తిరిగి ఇస్తాం.